బొడ్డు మూయని బొంత

పుదుచ్చేరిలోని ఉప్పళంలో మా ఇల్లు పొడుగ్గా, సన్నగా ఉండేది. వీధి వైపు ముందు గది, దాని వెనక నడవ, ఆ వెనక వంటిల్లు, చివర నాలుగు గుడ్డలు ఆరేసుకునేంత పెరడు. రెండు పక్కలా గోడలు పక్కిళ్ళతో కలిసిపోయి ఉండేవి. ఇంట్లోకి సరైన వెలుతురు వచ్చేది ముందు గదిలో ఉన్న పెద్ద కిటికీ నుంచి మాత్రమే. అక్కడివాళ్ళు దాన్ని జన్నల్ అంటారు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ మాటకు నవ్వుకున్నాను గానీ ఏడాది తిరక్కుండానే నా నోటికీ అదే వచ్చేసింది. ఆ జన్నల్ కింద చాప వేసుకుని మా అత్త కూర్చునేది. పొద్దున కాఫీ తాగి కూర్చుంటే మళ్ళీ మధ్యాహ్నం అన్నానికే లేవడం.

నేను చిత్తూరు వైపు నుంచి వచ్చినదాన్ని, తెలుగు బళ్ళో చదువుకున్నదాన్ని. అత్తగారి వాళ్ళు ఎన్నో తరాల కిందట పుదుచ్చేరికి వచ్చి స్థిరపడిపోయారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ అందులో సగం తమిళం, తెలుగు అక్షరం మాత్రం ఒక్కరికీ రాదు. "నీ తెలుగు పుస్తకం మాదిరి ఉండాది" అని అత్త ఎగతాళి చేసేది. "మీ తెలుగులో తమిళం పోపు ఎక్కువైందత్తా" అని నేను అనేదాన్ని. ఒక మాట పడి ఊరుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. ముక్కు మీదే కోపం అని మా నాన్న అనేవాడు, ఆ మాటకీ కోపం వచ్చేది.

రెండు వేల సంవత్సరం దాటి ఐదారేళ్ళయిన రోజులవి. నేను ఊళ్ళో ఒక రెడీమేడ్ బట్టల కంపెనీలో చొక్కాలకు కాలర్లు కుట్టేదాన్ని. వరుసగా కరెంటు మిషన్ల ముందు కూర్చుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాలర్లే. కుట్టు వెంట్రుకవాసి పక్కకు పోయినా సూపర్‌వైజరమ్మ ముక్క వెనక్కి విసిరేసేది. నా ముక్క ఒక్కటి కూడా వెనక్కి వచ్చేది కాదు. అదే నా గొప్ప. పెళ్ళయిన ఆరేళ్ళకు కడుపు నిలిచింది. ఐదో నెలలో కంపెనీ మానేశాను. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని వీధిలోవాళ్ళకు జాకెట్లు కుడతానని మా ఆయనతో చెప్పాను.

మా ఆయన మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్డులో పనిచేసేవాడు. మాట తక్కువ మనిషి. నేను చెప్పినదానికి "సరే" అన్నాడు. ఎవరో వాడకుండా మూల పడేసిన కాలు మిషన్ ఒకటి తెచ్చి, రెండు ఆదివారాలు కూర్చుని ముక్కముక్కలుగా విప్పి, కిరోసిన్‌తో కడిగి, నూనె పోసి, తోలు బెల్టు కొత్తది వేశాడు. తొక్కి చూస్తే గలగలమంటూ పరిగెత్తింది. ఏడో నెల దాకా తొక్కొచ్చని డాక్టరమ్మ కూడా చెప్పింది.

ఇక మిషన్ ఎక్కడ పెట్టాలన్నది ఆలోచించాల్సిన పనే లేదనిపించింది. అత్తకు అప్పటికే ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంటికి ఎదుట మనిషి నీడ కదులుతున్నట్టు తెలిసేది, అంతే. కంటి నరం ఎండిపోతోంది, ఆపరేషన్‌తో బాగయ్యేది కాదని చెప్పారు. చూపు లేని మనిషికి వెలుతురు ఎందుకు, సూదిలో దారం ఎక్కించాల్సిన నాకు కదా కావాలి అనుకున్నాను. 

"అత్తా, మిషన్ ఈ జన్నల్ కింద పెట్టుకుంటాను" అన్నాను.

"పెట్టుకోమ్మే. నాకు యాడ కూసుంటే ఏంది?" అంది అత్త. చాప చుట్టుకుని గోడ తడుముకుంటూ నడవలోకి వెళ్ళిపోయింది.

ఒక్క మాటలో ఒప్పుకుందని సంబరపడ్డాను. ఆ వారమంతా ముందు గది సర్దుకోవడంతోనే సరిపోయింది. జన్నల్‌కు ఎదురుగా మిషన్, ఎడమ పక్క గోడకు చెక్క పలక, దాని మీద దారపు ఉండలు రంగుల వారీగా, మేకుకు కత్తెర, ఇంకో మేకుకు కొలతల టేపు. సముద్రపు గాలికి ఆ ఊళ్ళో సూదులు ఊరికే తుప్పు పడతాయి. అందుకని పాత డబ్బాలో కాస్త పౌడరు పోసి సూదులు అందులో దాచాను. మిషన్ ముందు కూర్చుని తల ఎత్తితే వీధి, తల దించితే తెల్లటి వెలుతురులో గుడ్డ. నాకంటూ ఒక జాగా అన్నది పుట్టింట్లో లేదు, కంపెనీలో లేదు, ఇక్కడ కుదిరింది. ఆ రోజు ఎంత పొంగిపోయానో ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది.

అత్త నడవలో చేరిన నాలుగో రోజునే బొంత మొదలుపెట్టింది.

పుట్టబోయే బిడ్డకు బొంత కుట్టే వంతు వాళ్ళ ఇంటి పద్ధతిలో అమ్మమ్మది. మా అమ్మ నా పన్నెండో ఏటనే పోయింది. "అమ్మమ్మ లేదని బిడ్డ ఉత్త నేల మింద పండుకోవాల్నా? నేనే కుడతా" అని అత్త తన పెట్టె తెరిపించి, మెత్తబడ్డ పాత నూలు చీరలు తీయించింది. ఐదు పొరలు ఒకదాని మీద ఒకటి నేల మీద పరిచి, కదలకుండా నాలుగు మూలలా నాలుగు ఇత్తడి చెంబులు పెట్టమంది. అన్నిటికన్నా పైపొర తన అత్తగారి చీర, ఉల్లిపొర రంగుది. అది మా ఆయన చిన్నప్పటి బొంతలో కూడా ఉందట. సూదిలో దారం మాత్రం నన్ను ఎక్కించి ఇమ్మంది. ఆ తర్వాత బొటనవేలి గోరుతో కొలుచుకుంటూ, అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తూ కుట్టుకుంటూ పోయింది. కళ్ళు ఎటో గోడ వైపు ఉండేవి, వేళ్ళు మాత్రం గుడ్డ మీద నడుస్తూ ఉండేవి.

బొంత నడిమధ్య అరచేయంత జాగా కుట్టకుండా వదిలేయాలి. దాన్ని బొంతకు బొడ్డు అంటారు. బిడ్డ పుట్టి, బొడ్డుతాడు ఎండి ఊడిన రోజున ఆ జాగా కుట్టి మూస్తారు. అంతకుముందు మూస్తే బిడ్డ వచ్చే దారి మూసినట్టని వాళ్ళ నమ్మకం. ఇదంతా అత్త నాకు చెప్పింది. చెప్పినప్పుడు నేను మిషన్ తొక్కుతున్నాను. ఆ గలగలలో సగం వినిపించింది, సగం వినిపించలేదు. వినిపించినట్టే "ఊ" కొట్టాను.

నా కంటికి మాత్రం ఆ కుట్లు ముల్లులా గుచ్చుకునేవి. ఒక్కొక్కటి గోరంత పొడుగు, గోరంత ఎడం. ఒక వరుస పైకి పోతే ఇంకో వరుస కిందకి. గట్టిగా లాగితే దారం వేలికి చుట్టుకునేంత వదులు. కాలర్లు కుట్టి కుట్టి, కుట్టంటే దగ్గరగా, బిగువుగా, గీత గీసినట్టు ఉండాలని నా బుర్రలో నాటుకుపోయింది. పోనీలే పెద్దావిడ, కాలక్షేపానికి కుట్టుకుంటోంది అని సరిపెట్టుకున్నాను.

ఒకరోజు ఎదురింటావిడ జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చింది. మంచినీళ్ళు తాగుతూ నడవలోకి తొంగి చూసి, "ఏందిది, తయ్యల్‌కారమ్మ ఇంట్లో ఇట్టాంటి కుట్లా? నాకు కూడా ఇట్టానే కుట్టిపెడతావా ఏంది జాకెట్టు?" అని నవ్వింది. తయ్యల్ అంటే కుట్టుపని. ఆవిడ సరదాకే అంది, నాతో ఎప్పుడూ అలాగే మాట్లాడేది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. మొదటి మాటు నా చేతికి జాకెట్టు గుడ్డ ఇస్తున్న మనిషి. నా బిడ్డ పడుకునే బొంతను చూసి నా పనితనం కొలుస్తోందనిపించింది. అత్త విన్నదో లేదో తెలియదు. ఆమె సూది ఆగలేదు.

ఆ తర్వాత రెండు రోజులకు మా ఆయన అత్తను కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. వాళ్ళు వీధి మలుపు తిరిగారో లేదో నేను నడవలోకి వెళ్ళి బొంత తెచ్చి మిషన్ మీద పెట్టాను. అత్త దారాలు కత్తెరతో కత్తిరించి లాగేశాను. అంత వదులుగా ఉన్నాయేమో, ఒక్క పట్టుకు బారెడు దారం ఊడి వచ్చింది. పది రోజుల పని పావుగంటలో పోయింది. అంచు మడిచి, సమంగా గీతలు గీసుకుని, కుట్టు సన్నం చేసి, ఈ చివర నుంచి ఆ చివరికి అడ్డంగా కుట్టాను, తర్వాత నిలువుగా కుట్టాను. విప్పేముందు మధ్యలో అరచేయంత జాగా ఖాళీగా కనబడింది, పాపం కనపడక వదిలేసిందనుకుని దాని మీద ఇంకో రెండు వరుసలు ఎక్కువే వేశాను. పూర్తయ్యాక పరిచి చూసుకుంటే సూపర్‌వైజరమ్మ కూడా వంక పెట్టలేనట్టుంది. మడిచి, నడవలో చాప పక్కన, ఉన్నచోటనే పెట్టేశాను. అత్త వచ్చి తడిమి చూసి మెచ్చుకుంటుందనే నిజంగా అనుకున్నాను.

మధ్యాహ్నం దాటాక వాళ్ళొచ్చారు. అత్త కాళ్ళు కడుక్కుని, నీళ్ళు తాగి, చాప మీద కూర్చుని బొంత ఒళ్ళోకి లాక్కుంది. వేళ్ళు అంచు మీద ఆగాయి. ఒక గీత వెంబడి కొంచెం దూరం పోయి వెనక్కి వచ్చాయి. ఇంకో గీత పట్టుకున్నాయి. నేను గడప దగ్గర నిలబడి చూస్తున్నాను. చివరికి ఆమె చెయ్యి నడిమధ్యకు వెళ్ళింది. అక్కడ అరచెయ్యి పరిచి అలాగే ఉంచింది.

"బొడ్డు మూసేస్తివా అమ్మే?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ రోజు మిషన్ చప్పుడులో ఊ కొట్టింది ఏ మాటకో.  తప్పు తెలిసినా ఒప్పుకునే రకాన్నా నేను? "మీకు కనపడక వదిలేసినారనుకున్నా. అయినా కుట్టు మూస్తే బిడ్డ రాకుండా పోతుందా ఏందత్తా, మనం ఏ కాలంలో ఉన్నాం?" అన్నాను.

అత్త మొహం తెల్లబోయింది. తిడుతుందేమో, తిడితే నేనూ నాలుగు అందామని చూశాను. తిట్టలేదు. "సరిలే. మిషన్ కుట్టు గట్టిగా ఉంటాది. బాగుంటాది" అంది. సూదిని డబ్బాలో పెట్టి మూత బిగించి, డబ్బాను నా వైపు జరిపింది. బొంతను మడిచి పక్కన పెట్టి గోడ వైపు తిరిగి పడుకుంది.

సాయంత్రం మా ఆయన పెరట్లో నాతో చెప్పాడు, ఆస్పత్రిలో ఏమన్నారో. ఆ మిగిలిన నీడ కూడా ఇంకో రెండు మూడు నెలలేనట. అత్త అంతా విని డాక్టరుతో, "బిడ్డ బొంత అయ్యేదాకా ఉంటే చాలు సామీ" అందట. దారి పొడుగునా ఆ బొంత గురించే మాట్లాడిందట. మా ఆయన ఈ ముక్క చెప్పి షెడ్డుకు వెళ్ళిపోయాడు. నేను ఏం చేశానో ఆయనకు అప్పటికి తెలియదు. ఆ మనిషి చేత్తో చేయగలిగిన ఆఖరి పనిని నేను పావుగంటలో కత్తిరించి పారేశాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. 

తర్వాత నాలుగు రోజులు అత్త సూది ముట్టలేదు. అన్నం పెడితే తినేది, పిలిస్తే పలికేది. ఒళ్ళో చేతులు రెండూ ఊరికే పెట్టుకుని నడవలో కూర్చునేది. ఆ ఖాళీ చేతులు చూడలేక నేను అటు వైపు పోవడమే మానేశాను. బొడ్డు మూస్తే ఏమీ కాదని పైకి అన్నానే గానీ కడుపులో బిడ్డ కాసేపు కదలకపోతే చాలు, మిషన్ ఆపేసి పొట్ట మీద చెయ్యి వేసుకుని, కదిలేదాకా అలాగే కూర్చునేదాన్ని. ఎంత తెలివిగలదాన్నని అనుకున్నా ఆ భయం నన్ను వదల్లేదు.

ఐదో రోజు ఇక ఉండబట్టలేక బొంత తెచ్చుకుని జన్నల్ దగ్గర కూర్చున్నాను. కుట్లు విప్పే కొక్కెం తీసుకుని ముందు నడిమధ్య మొదలుపెట్టాను. కొత్త గుడ్డ మీద మిషన్ కుట్టు విప్పడం నాకు లెక్కలోది కాదు. ఇది డెబ్బై ఏళ్ళ నాటి చీర. సన్నటి కుట్టు పోగులన్నిటినీ కొరికేసింది. దారం లాగితే దారంతోపాటు గుడ్డ కూడా పర్రుమంటూ వచ్చేస్తోంది. ఎంత మెల్లగా లాగినా అంతే. నడిమధ్య ఉల్లిపొర రంగు చీర రెండు చేతుల వెడల్పు చీలికలైపోయింది. ఆ చీలికలు చేతిలో పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చాను.

అత్తకు చూపు లేదు గానీ చెవులు పాము చెవులు. గుడ్డ చిరిగే చప్పుడు విని గోడ పట్టుకుని వచ్చింది. "ఏందమ్మే అది, చింపేస్తా ఉండావా? ఇట్టా తే" అని నా పక్కన కూర్చుని చెయ్యి చాపింది. చీలికలన్నీ ఒక్కొక్కటీ తడిమి చూసింది.

"తప్పయిపోయిందత్తా" అన్నాను. పుట్టాక ఆ మాట ఎవరితోనూ అన్న గుర్తు లేదు నాకు. ఒకసారి అన్నాక ఆగకుండా మూడు నాలుగు సార్లు అనేశాను.

"ఊరుకో. బొంత ఎందుకు కుట్టేది చెప్పు?" అంది అత్త.

"బిడ్డకు."

"విప్పేదానికి. ప్రతి బిడ్డకూ విప్పాల. నలిగిపోయిన పొర తీసేయాల, ఇంకో పాత చీర పెట్టాల, మళ్ళీ కుట్టాల. మా అత్త తన కూతురి బిడ్డకు వదులుగా కుట్టింది గాబట్టే నీ మొగుడికి నేను విప్పి మా అమ్మ చేతికి ఇయ్యగలిగితిని. ఎనక వచ్చే ఆడదాని చేతికి ఇబ్బంది కాకూడదని వదులుగా కుట్టేది మేము. కుట్టడం చేతగాక కాదు." ఒక చీలికను వేళ్ళతో సరిచేస్తూ, "నీ కోపమూ ఇంతే, నీ కుట్టూ ఇంతే. యాడా సందు ఉండదు" అంది.

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అత్త కూడా నవ్వింది. నాలుగు రోజుల తర్వాత ఆమె నవ్వడం అదే. 

"మళ్ళీ మొదలుపెట్టండత్తా. మీరు అడిగినప్పుడల్లా దారం ఎక్కించి ఇస్తా" అన్నాను.

"ఎన్నిసార్లు పిలిచేది నిన్ను? నీ మిషన్ చప్పుడులో నేను పిలిచేది నీకు యాడ వినపడతాది?" అంది. నిజమే. బొంత మొదలుపెట్టిన రోజుల్లో కూడా ఆమె పిలిచి పిలిచి ఎన్నిసార్లు ఊరుకుందో నాకు తెలియదు. "అయితే మీరే ఈడికి వచ్చేయండి, జన్నల్ కిందకు" అన్నాను.

"వెలుతురు నాకెందుకు? నువ్వు ఉండు ఈడ." అని, మెల్లగా, "వీధి వినపడేది. అంతే" అంది.

ఇన్నేళ్ళు ఆ ఇంట్లో ఉండి నాకు ఆ మాట తట్టలేదు. కురుచికుప్పం నుంచి చేపలు తెచ్చే ఆవిడ ఏ ఇంటి ముందు ఆగి ఎవరితో బేరమాడుతోందో, బడి పిల్లలు వచ్చే వేళయిందో లేదో, ఎదురింటి కుళాయికి నీళ్ళు వచ్చాయో లేదో అత్తే మాకు చెప్పేది. ఆ జన్నల్ ఆమెకు లోకం. నేను ఆమెను లోకం నుంచి లేపి నడవలో కూర్చోబెట్టాను, అదీ ఒక్క మాటలో ఒప్పుకుందని సంబరపడుతూ.

మిగిలిన మిషన్ కుట్లను లాగకుండా, ఒక్కొక్కటే కత్తిరించి తీసేశాను. ఆ ఆదివారం మా ఆయన చేత ముందు గదంతా మళ్ళీ సర్దించాను. మిషన్‌ను పక్క గోడకు తిప్పాం. వెలుతురు ఎదురుగా కాకుండా ఎడమ భుజం మీదుగా పడుతుంది, కుట్టుకి అదే మేలని కూర్చున్నాక తెలిసింది. జన్నల్ కింద అత్త చాప. చాప పక్కన గోడకు, కూర్చుంటే చేతికి అందే ఎత్తులో, దూది కూరిన చిన్న దిండు కుట్టి తగిలించాను. రోజూ పొద్దున వంట కాగానే ఇరవై సూదుల్లో దారం ఎక్కించి ఆ దిండుకు గుచ్చేదాన్ని. ఒక సూది దారం అయిపోతే దాన్ని దిండుకు ఎడమ వైపు గుచ్చి, కుడి వైపు నుంచి ఇంకోటి తీసుకునేది అత్త. ఇక నన్ను పిలిచే పని లేదు. అలా ఇద్దరం ఒక గదిలో, నా మిషన్ నాది, ఆమె సూది ఆమెది. వీధిలో ఎవరో పోతుంటే వాళ్ళ చెప్పుల చప్పుడుని బట్టి ఎవరో చెప్పేది. నేను తల ఎత్తి చూసి "కాదు" అన్న రోజు ఒక్కటి కూడా లేదు. జాకెట్టు తీసుకుపోవడానికి వచ్చిన ఎదురింటావిడ ఆ సూదుల దిండు చూసి తనకీ ఒకటి కుట్టిపెట్టమంది. అత్త, "కుట్టిపెడతాది గానీ, మా ఇంటి కుట్లను చూసి నవ్వకూడదు" అంది. ఆ రోజు మాట విన్నదో లేదో అన్న అనుమానం నాకు అప్పుడు తీరింది. ఎదురింటావిడ నాలుక కరుచుకుంది.

చిరిగిన నడిమధ్య మాత్రం మిగిలిపోయింది. అక్కడ వేయడానికి మెత్తటి పాత గుడ్డ కావాలి. అత్త పెట్టెలో ఇంక ఏమీ లేవు. "మీ అమ్మది ఏమన్నా ఉందా?" అని అడిగింది.

ఉంది. ఒకే ఒక్కటి. వంగపండు రంగు నూలు చీర, అమ్మ ఇంట్లో కట్టుకునేది. పోయాక నాన్న చీరలన్నీ పంచేస్తుంటే పన్నెండేళ్ళ పిల్లనైన నేను ఆ ఒక్కటి లాక్కుని ఎవరికీ ఇవ్వలేదు. ఎన్నడూ కట్టుకోలేదు, ఉతకలేదు, ఎవరి చేతా ముట్టనివ్వలేదు. "లేదు" అన్నాను ముందు. అబద్ధమని అత్తకు నా గొంతులోనే తెలిసిపోయి ఉంటుంది. మళ్ళీ అడగలేదు. రెండు రోజులు నాలో నేనే కొట్లాడుకున్నాను. మూడో రోజు మిషన్ తొక్కుతూ మధ్యలో లేచి వెళ్ళి, ట్రంకు పెట్టె తీసి, చీర తెచ్చి అత్త ఒళ్ళో వేశాను.

అత్త దాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుంది. "కత్తెర నువ్వే పెట్టాల. నేను పెట్టను" అంది. పమిట చెంగు వదిలేసి, కుచ్చిళ్ళ దగ్గర రెండు చేతుల వెడల్పు కత్తిరించాను. కత్తెర పడుతుంటే నొప్పిగానే ఉంది. ముక్క తీసుకెళ్ళి నడిమధ్య పరిచాక మాత్రం పెట్టెలో మగ్గడం కన్నా అమ్మ ఇక్కడ ఉండడమే బాగుందనిపించింది. "అమ్మమ్మ కుట్టాల్సింది. బట్ట ఆమెది, చెయ్యి నాది. సరిపోయింది పో" అంది అత్త.

తొమ్మిదో నెల వచ్చేసరికి బొంత మళ్ళీ నడిమధ్యకు చేరింది, అరచేయంత జాగా వదిలేసి ఆగింది. ఏడో నెల దాటగానే నాకు తొక్కడం మానిపించారు. అత్తకు నీడలు కూడా కలిసిపోవడం మొదలయ్యాయి. వానాకాలం వెళ్ళిపోతున్న రోజుల్లో, ఒక ఉదయం, పాప పుట్టింది. నొప్పులు పడుతున్నంత సేపూ ఆస్పత్రి వరండాలో అత్త బొంత ఒళ్ళో పెట్టుకుని, ఆ తెరిచిన జాగా మీద అరచెయ్యి వేసుకునే కూర్చుందని మా ఆయన తర్వాత చెప్పాడు. పాపను చేతికిస్తే నుదురు నుంచి కాలి వేళ్ళ దాకా వేళ్ళతో చూసుకుంది. ముక్కు దగ్గర ఆగి, "కోపం యాడ కూసుంటాదో ఆ ముక్కే" అంది. 

తొమ్మిదో రోజున బొడ్డుతాడు ఊడింది. మధ్యాహ్నం ముందు గదిలో జన్నల్ కింద బొంత పరిచాను. పాపను పక్కన గుడ్డ మీద పడుకోబెట్టి, సూదిలో దారం ఎక్కించి అత్త చేతికిచ్చాను. అప్పటికి ఆమెకు వెలుతురూ చీకటీ ఒకటే అయిపోయింది. అయినా సూది మొన వేలికి తగిలించుకుని, మా అమ్మ చీర మీద చుట్టూ చుట్టూ మెల్లగా కుట్టుకుంటూ పోయింది. గోరంత కుట్టు, గోరంత ఎడం. చివరి కుట్టు పడింది. దారాన్ని జానెడు వదిలి, పళ్ళతో కొరికి తెంపేసింది.

"ముడి వేయలేదేందత్తా?" అన్నాను.

"ముడేస్తే నువ్వు ఎట్టా విప్పుతావు?" అంది. నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ దారపు కొస మీద పెట్టింది. "ఈడ పట్టుకుని లాగితే చాలు, అంతా వస్తాది. నీ బిడ్డ బిడ్డకు విప్పేటప్పుడు గుర్తు పెట్టుకో. అప్పుడు ఈడ నా చీర పెట్టు."

 నేను కళ్ళు తుడుచుకుంటుంటే ఎలా తెలిసిందో, "ఏడుపు చాల్లే గానీ బిడ్డను పండబెట్టు" అని కసిరింది.

పాపను తీసి బొంత నడిమధ్య పడుకోబెట్టాను. ఒళ్ళు విరుచుకుంది, కాళ్ళు రెండూ ఆడించింది, రెండు నిమిషాలైనా కాకముందే తడిపేసింది. అయ్యో అంటూ నేను ఎత్తబోతుంటే అత్త నా చెయ్యి ఆపి, తన చెయ్యి బొంత మీద పెట్టి ఆ తడిని తడిమి చూసింది. నోరంతా తెరిచి నవ్వింది.

"ఆఁ. ఇప్పుడు అయ్యింది బొంత" అంది.